చొక్కా మీద వాసన

పటాల కొట్టు మీది గది
ఎండలు ముదురుతున్న రోజులు

వదినగారికి నమస్కారం.

మొన్న ఫోన్లో మీరు అడుగుతుంటే నేను ఊ, ఆ అంటూ ఉండిపోయాను. అది పొగరు కాదండీ. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే నాకు మాట గొంతులో అడ్డం పడుతుంది. పైగా ఆయన పక్కనే ఉన్నారు. ఉత్తరం రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నావి ఐదో తరగతి అక్షరాలు. మీరు నవ్వుకుంటే ఫరవాలేదు, మీ చిట్టికి మాత్రం చూపించకండి.

నరాల పెద్ద డాక్టరు దగ్గర మీ తమ్ముడికి రోజు దొరికింది. వానలు బాగా పడ్డాక గానీ కాదట. అంతమంది ఉన్నారట ఆయన కోసం.

మీకు ఫోన్లో చెప్పనిది ఇప్పుడు చెప్తాను. కింద కొట్టులో ఆయనకి గాజు కోసే పని తీసేశారు. ఎవరిదో పెళ్ళి ఫోటో, గోడంత పటం. వజ్రపు కలంతో గీత గీస్తుంటే చెయ్యి తనంతట తనే ఎగిరిందట. గీత పక్కకి పోయింది, గాజు రెండు ముక్కలైంది. ఇంతకు ముందూ ఇలాగే అయింది. యజమాని పెద్దాయన బేరానికొచ్చిన వాళ్ళ ముందే అన్నాడు, "పొద్దున్నే ఎక్కడ పుచ్చుకుని వచ్చావురా?" అని. ఆయన మెట్లెక్కి వచ్చి గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఇప్పుడు పటాల వెనక అట్టలు అంటించే పని ఇచ్చారు. అట్ట పగలదు కదా.

మీ తమ్ముడి సంగతి మీకు తెలియనిదా. దగ్గు మందు కూడా వాసన చూసి గానీ తాగరు. వీధి చివర చిన్న డాక్టరు కూడా మొదట అదే మాట అన్నాడు, "ముందు మందు మానెయ్యవయ్యా." ఆయన తాగరండీ అని చెబుదామనుకున్నాను. మాట పళ్ళ దాకా వచ్చి వెనక్కి పోయింది. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ డాక్టరే కళ్ళు చూసి, నడిపించి చూసి, పెద్ద డాక్టరుకి చీటీ రాసిచ్చాడు.

అన్నయ్యగారి కిడ్నీలో రాళ్ళకి మీరు పెద్ద ఆస్పత్రులు తిరిగారు. అక్కడ ఎలా ఉండాలి, ఏం తీసుకెళ్ళాలి, ఎవరు మాట్లాడాలి? నాకేమీ తెలియదు. కాస్త రాయండి.

మీ మరదలు


బొత్తాల కొట్టు
మధ్యాహ్నం, బేరాల్లేని వేళ

మాటలు మింగే మరదలికి,

నీ ఉత్తరం చూసి అన్నయ్యగారు, "దీనికి నోరుందే!" అన్నారు. నోరుంది, తాళంచెవే ఎక్కడో పారేసుకున్నావు.

ముందుగా భయపడకు. మా తమ్ముడు చిన్నప్పటి నుంచీ కంగారు మనిషి. గ్లాసు ఇస్తే సగం నేలకి, సగం నోటికి. కాస్త నీరసం ఉంటే చెయ్యి వణకదూ? దానికి ఊరంతా దండోరా దేనికి?

పెద్ద డాక్టర్లతో ఒక చిక్కుంది. మనం చెప్పేకొద్దీ జబ్బు పెరుగుతుంది. అన్నయ్యగారు నోరు ఊరుకోక, "అప్పుడప్పుడు గుండెల్లో కూడా అదోలా ఉంటుందండీ" అన్నారు. ఇక చూసుకో, రాళ్ళు వదిలేసి గుండె పట్టుకున్నారు. కాబట్టి అడిగినదానికే జవాబు చెప్పండి. ఇస్త్రీ చొక్కా వెయ్యి. గడ్డం గీయించు, వాణ్ణి సొంతంగా గీసుకోనివ్వకు.

ఇంకొకటి. మీ గదిలో గళ్ళ నేలేగా? రోజూ పొద్దున్న ఆ గళ్ళ గీత మీద వాణ్ణి నడిపించు. డాక్టరు నడవమంటాడు, అప్పటికి అలవాటై ఉంటుంది. బయటికి వెళ్ళేటప్పుడు చేతికి గొడుగివ్వు. రెండు చేతులా పట్టుకుంటే చెయ్యి ఎగరడం ఎవరికీ కనపడదు. మరీ ఎగిరితే గొడుగు భుజాన వేసుకోమను, అటూ ఇటూ మార్చుకుంటున్నట్టు ఉంటుంది.

ఇక్కడ చిట్టికి ఒక సంబంధం కదులుతోంది. కుర్రాడు కరెంటు పని చేస్తాడు. నిదానస్తుడు, మన చిట్టి మాట్లాడుతుంటే పాపం బల్బులా వెలిగిపోయాడు. వాళ్ళమ్మ మాత్రం మా ఇంటిని వంకాయలు ఏరినట్టు తిప్పి తిప్పి చూసింది. పుచ్చు ఎక్కడుందా అని.

అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమనుకోకు. కొత్త చెప్పులు కొన్నాను, కొన్న వేళ మంచిది కాదు. మెట్ల మీద జారి మణికట్టు బెణికింది.

నీ వదిన


పటాల కొట్టు మీది గది
మొదటి వాన పడి వెలిసింది

వదినగారికి నమస్కారం.

మీ మణికట్టుకి ఎలా ఉంది? వేడినీళ్ళ కాపడం పెట్టించుకోండి. ఆ చెప్పులు ఎవరికైనా ఇచ్చేయండి.

మీరు చెప్పినట్టే చేస్తున్నాం. పొద్దున్నే కాఫీ అయ్యాక నేను మంచం ఎత్తి గోడకి ఆనిస్తాను. కిటికీ నుంచి తలుపు దాకా గీత ఖాళీ అవుతుంది. ఆయన ఆ చివర నిలబడి, "పంతులమ్మా, మొదలెట్టనా?" అంటారు. నేను తలుపు దగ్గర నిలబడి చూడాలి. తప్పు అడుగు పడితే చెప్పాలి. నేను చెప్పను. ఆయనే నా మొహం చూసి, "పోయిందా?" అని మళ్ళీ మొదటికి వెళ్తారు. మొదట్లో ఇద్దరం నవ్వుకున్నాం. ఈ మధ్య నవ్వడం లేదు. పట్టుదలగా నడుస్తారు, చెమటలు పడతాయి, తలుపు దగ్గరికొచ్చేసరికి కాలు ఎవరో లాగినట్టు పక్కకి పోతుంది.

గొడుగు మాత్రం బాగా పనికొచ్చింది. వీధిలో ఎవరూ తేరిపార చూడటం లేదు. కాని వదినా, గొడుగు భుజాన మార్చుకునే సంగతి మీకెలా తెలుసు? నేను ఆ మాట చదివి వినిపిస్తే ఆయన చేతిలో గొడుగు కింద పెట్టేశారు. కాసేపటికి, "మా నాన్న కూడా ఎండాకాలంలో గొడుగు మోసేవాడు" అన్నారు.

మా పెళ్ళయ్యాక మామయ్యగారి గురించి ఆయన మాట్లాడటం అదే మొదలు. చిన్నప్పుడు బడి గేటు ముందు మామయ్య పడిపోయారట. ఒళ్ళంతా సారా వాసనట. పిల్లలందరూ నవ్వుతుంటే ఈయన తనకేమీ కానట్టు పక్కనుంచి నడిచి వెళ్ళిపోయారట. పోయినప్పుడు కూడా మొహం చూడలేదట. లోకంలో అందరి తండ్రులకీ పటాలు కట్టే మనిషి, మా ఇంట్లో మామయ్యది ఒక్క ఫోటో లేకపోవడం ఎందుకో నాకు ఇప్పుడు అర్థమైంది.

ఇంకొక మాట. ఆస్పత్రికి వెళ్ళి, ఏం తెచ్చుకోవాలని అక్కడి నర్సుని అడిగాను. మీరు నమ్మరు, నేనే అడిగాను. ఆవిడ, "పాత చీటీలు తీసుకురామ్మా. ఇంట్లో పెద్దవాళ్ళకి ఏయే జబ్బులు ఉండేవో కనుక్కుని రా. నరాల జబ్బులు కొన్ని ఇంట్లోంచి ఇంట్లోకే వస్తాయి" అంది. గీత మీద నడిపిస్తున్నామని చెబితే నవ్వింది. "పరీక్షకి చదివిస్తున్నావా? ఎలా ఉన్నాడో అలాగే తీసుకురా" అంది.

మామయ్యగారు ఎలా పోయారు? డాక్టరు అడిగితే ఏం చెప్పాలి?

మీ మరదలు


బొత్తాల కొట్టు

మరదలికి,

నాన్న తాగి పోయాడు. ఇందులో కొత్తగా కనుక్కునేదేముంది? మా వీధిలో రాయిని అడిగినా చెబుతుంది.

గొడుగు సంగతి ఎలా తెలుసని నన్ను నిలదీస్తున్నావా? నలుగురిని చూసినదాన్ని, తెలుసు. నువ్వు నాలుగు గోడలు తప్ప చూడలేదు, తెలియదు.

చిట్టి సంబంధం దాదాపు కుదిరింది. కుర్రాడి మేనమామ మీ ఊళ్ళోనే ఉంటాడు. ఎక్కడ పని చేస్తాడనుకున్నావు? మీరు వెళ్ళబోయే ఆ ఆస్పత్రిలోనే, రోగుల్ని పేరు పెట్టి లోపలికి పిలిచే పని. తలుపు పక్కనే నిలబడి ఉంటాడు. అక్కడ నువ్వు మా ఇంటి పెద్దవాళ్ళ జబ్బులన్నీ ఏకరువు పెడితే, సాయంత్రానికి ఇక్కడ వాళ్ళమ్మ చెవిలో ఉంటాయి. చిట్టికి ఆ కుర్రాడంటే ఇష్టం. పొద్దస్తమానం నవ్వుతూ తిరుగుతోంది. దాని నవ్వు నీ చేతిలో ఉంది.

పెద్దవాళ్ళకి ఏమీ లేదని చెప్పు. మాటలు మింగడం నీకు అలవాటేగా. ఇదీ మింగు.

వదిన


పటాల కొట్టు మీది గది
ముసురు

వదినగారికి,

మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. మీరు మింగమన్నారు, మింగాను. జవాబు కూడా రాయకూడదనుకున్నాను.

నిన్న ఆయన మెట్ల మీద పడిపోయారు. కింద అంతా తడి, అందుకని అట్టలు అంటించడానికి ఎవరిదో పటం పైకి తెస్తున్నారు. చప్పుడు విని నేను పరిగెత్తాను. మెట్ల నిండా గాజు. ఆయన మధ్యలో కూర్చుని ఉన్నారు. అరచేయి తెగింది, అంతకంటే ఏమీ కాలేదు. వానకి చూరు కింద నిలబడ్డ ఇద్దరు మనుషులు చూస్తున్నారు. ఒకాయన, "పట్టపగలే!" అన్నాడు. రెండో ఆయన నన్ను చూసి, "పాపం, చిన్నపిల్ల" అన్నాడు.

నేను గాజు ఏరుతున్నాను. ఆయన నన్ను చూడకుండా, మెల్లగా, "చూశావా, చివరికి మా నాన్ననే అయ్యాను. తాగకుండానే" అన్నారు.

ఆ మాట అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు. నేను మాత్రం చేట పట్టుకుని ఆ మెట్టు మీదే కూర్చున్నాను. తాగకుండానే. చిన్న డాక్టరు అన్నాడు, కొట్టు యజమాని అన్నాడు, చూరు కిందివాళ్ళు అన్నారు. అందరూ అన్నంత మాత్రాన ఈయన తాగుబోతు కాలేదు కదా. మరి మామయ్యగారు?

వదినా, పెళ్ళయిన నాటి నుంచి మీరు ఏం చెప్పినా నేను ఎదురు అడగలేదు. ఈ ఒక్కటి అడుగుతున్నాను. మామయ్య నిజంగా తాగేవారా? మీరు మీ కళ్ళతో చూశారా?

ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్పాలి. ఆయనకి ఇంకా చెప్పలేదు, మా అమ్మకీ చెప్పలేదు. నాకు నెల తప్పింది. ఈ మధ్య పొద్దున్నే మంచం ఎత్తేటప్పుడు కళ్ళు తిరుగుతున్నాయి. ఆయన గీత మీద నడుస్తుంటే నేను నా కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడుతున్నాను. నర్సు చెప్పిన మాటే చెవిలో ఉంటోంది, ఇంట్లోంచి ఇంట్లోకే వస్తాయని.

చిట్టి నవ్వు నా చేతిలో ఉందన్నారు. నా కడుపులో ఉన్నదాని సంగతి మీ చేతిలో ఉంది. దెప్పడానికి కాదు, నాకు ఇంకో విధంగా రాయడం రాలేదు.

మీ మరదలు


బొత్తాల కొట్టు
తలుపులు వేసుకుని రాస్తున్నాను

తల్లీ,

నీ ఉత్తరం బొత్తాల డబ్బాలో పెట్టి మూత పెట్టాను. బేరం వచ్చినప్పుడల్లా ఆ డబ్బా తియ్యాల్సి వస్తోంది. ఇక దాచలేను.

నాన్న ఒక్క చుక్క తాగి ఎరగడు.

నాన్నకి మేనత్త ఉండేది. ఆవిడ చేతులు, కాళ్ళు ఒక్క క్షణం ఊరుకునేవి కావట, చివరికి మనిషి మారిపోయి మంచాన పడి పోయిందట. ఆవిడ తర్వాత ఆ ఇంటికి పిల్లనిచ్చిన వాళ్ళు లేరు, ఆ ఇంటి పిల్లని చేసుకున్న వాళ్ళు లేరు. దూరం ఊరు వచ్చి స్థిరపడ్డాక గానీ నాన్నకి పెళ్ళి కాలేదు. అమ్మకి ఈ సంగతి పెళ్ళయ్యాకే తెలిసింది. నాన్న చేతిలో కంచం మొదటిసారి జారినప్పుడు అమ్మ కంచం వంక చూడలేదు, నా వంక చూసింది. అప్పటికి నాకు పెళ్ళీడు వస్తోంది.

అమ్మ లెక్క ఇది. తాగుబోతు కూతురికి పెళ్ళవుతుంది. జనం జాలి పడి చేసుకుంటారు. ఇలాంటి జబ్బు ఇంటి కూతురికి అవ్వదు. అందుకని సారా సీసా తెప్పించి అటక మీద పెట్టింది. నాన్న బయటికి వెళ్ళేటప్పుడు, పన్నీరు చల్లినట్టు, మెడ దగ్గర చొక్కా మీద నాలుగు చుక్కలు చల్లేది. నాన్నే కాలరు ఎత్తి పట్టుకునేవాడు, పసిపిల్లాడు మొహం కడిగించుకోవడానికి మెడ చాపినట్టు. సీసా ఎన్నాళ్ళకీ అయిపోయేది కాదు. "ఇంత పొదుపరి తాగుబోతు లోకంలో ఉండడే" అని నవ్వేవాడు. అమ్మ నవ్వేది కాదు.

తమ్ముడు చిన్నవాడు, నోట్లో మాట ఆగదని వాడికి చెప్పలేదు. పెద్దయ్యాక చెబుదామనుకున్నాం. పెద్దయ్యేసరికి వాడు నాన్న పేరు ఎత్తితేనే లేచి వెళ్ళిపోయేవాడు.

బడి దగ్గర పడిన రోజు కూడా చెబుతాను. వాన పట్టింది, వాడు గొడుగు మరిచిపోయాడు. నాన్న గొడుగు పట్టుకుని వెళ్ళాడు, వాడికి ఇద్దామని. బట్టలనిండా బురదతో తిరిగొచ్చాడు. ఏమైందని అడిగితే, "వాడు నన్ను చూడలేదులే, చూస్తే వచ్చేవాడు" అన్నాడు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

డాక్టరుకి అంతా చెప్పు. మేనత్త సంగతీ, నాన్న సంగతీ. తలుపు దగ్గర ఎవరు నిలబడ్డా సరే. కాని డాక్టరు నోట వినడానికి ముందే వాడికి తెలియాలి. నాకు చెప్పే మొహం లేదు. నువ్వే చెప్పు. నీ కడుపు సంగతి కూడా చెప్పు. వాడి దగ్గర దాచినవి ఇప్పటికే చాలా ఉన్నాయి.

వదిన


పటాల కొట్టు మీది గది
ఆస్పత్రికి వెళ్ళే వారం

వదినగారికి నమస్కారం.

చెప్పాను.

పొద్దున్న నేను మంచం ఎత్తలేదు. "గీత ఖాళీ చెయ్యవా, పంతులమ్మా?" అన్నారు. ఇవాళ్టి నుంచి బడి లేదన్నాను. మంచం మీద కూర్చోబెట్టి మీ ఉత్తరం చదివాను. మధ్యలో రెండు చోట్ల ఆగాను కాని, మళ్ళీ అక్కడి నుంచే చదివాను. ఏదీ వదిలిపెట్టలేదు.

ఆయన మొదట అడిగింది తన జబ్బు గురించి కాదు. "నాన్న తాగలేదా?" అన్నారు. లేదన్నాను. మళ్ళీ, "ఒక్కసారి కూడానా?" అన్నారు. మీ ఉత్తరంలో ఆ ముక్క మళ్ళీ చదవమన్నారు. కాలరు ఎత్తి పట్టుకునేవారన్న చోట చెయ్యి ఎత్తి నన్ను ఆపారు. తన చొక్కా కాలరు రెండు వేళ్ళతో పట్టుకుని వాసన చూసుకున్నారు. సబ్బు వాసన తప్ప ఏముంటుంది. అప్పుడు ఏడ్చారు. గొడుగు సంగతికి మాత్రం ఏడవలేదు. తల గోడకి ఆనించి, "చూశాను" అన్నారు. "చూశానని చెప్పు అక్కకి."

తన సంగతి ఆ తర్వాతే ఆయనకి తట్టినట్టుంది. నాన్నకి ఎన్నేళ్ళు పట్టిందని అడిగారు. తెలియదన్నాను. అప్పుడే కడుపు సంగతి కూడా చెప్పేశాను, విడిగా ఇంకో రోజు చెప్పే ధైర్యం నాకు లేదు. ఆయన సంతోషించలేదు, కోప్పడలేదు. నా పొట్ట మీద చెయ్యి పెట్టారు. చెయ్యి అక్కడ నిలవలేదు, ఎగిరింది. తీసేయబోతే నేనే రెండు చేతులా పట్టి ఉంచాను.

డాక్టరు ఏం చెబుతాడో అని ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. ఆయన ఇస్త్రీ చొక్కా వద్దన్నారు. గొడుగు తలుపు వెనక పెట్టేశారు. వాన పడితే తడుస్తానులే అన్నారు.

మామయ్యగారి ఫోటో ఏదైనా ఉంటే పంపమన్నారు, చిన్నదైనా సరే. పటం కడతారట. కింద పెద్దాయన్ని అడిగి గాజు ముక్క ఒకటి తెచ్చుకున్నారు, తనే కోస్తానంటున్నారు. గీత వంకర పోతుందేమోనని నేననలేదు. ఆయనే అన్నారు, "వంకర పోతే పోనీ, నాన్న ఏమీ అనుకోడు."

చిట్టి సంగతి తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు. నన్ను తిట్టుకుంటున్నారేమో.

మీ మరదలు


బొత్తాల కొట్టు

మరదలా,

ఈ ఉత్తరం చదవడానికి నీకు కష్టమవుతుంది. అక్షరాలు ఒక వరసలో నిలబడటం లేదు. కూడబలుక్కుని చదువు.

నిన్నెందుకు తిట్టుకుంటాను? కుర్రాడి తల్లికి నేనే చెప్పాను. ఇచ్చిన టీ సగం తాగి, మిగిలింది పక్కన పెట్టి, కబురు చేస్తామని వెళ్ళింది. ఆ కబురు ఎలాంటిదో నాకు తెలుసు. చిట్టి నాతో మాట్లాడటం లేదు. ఒక్కటే అడిగింది, "నాకూనా అమ్మా?" అని. తెలియదన్నాను. ఇంతకాలం తెలిసినవన్నీ దాచినదాన్ని, తెలియదన్న మాట మాత్రం నిజం చెప్పాను.

ఫోటో ఉంది. అమ్మ చీరల మడతలో పెట్టింది, నాన్న గొడుగుతో నిలబడ్డది. కొంచెం కదిలింది. నాన్న కదలకుండా నిలబడ్డ ఫోటో ఏదీ లేదులే. టపాలో పంపను, నేనే తెస్తున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందురోజు రైలుకి దిగుతాను.

ఆ కొత్త చెప్పులు ఎప్పుడో పారేశాను. పాత చెప్పులతోనూ పడ్డాను. నిన్న వట్టి కాళ్ళతోనూ పడ్డాను. బొత్తాలు కొట్టంతా దొర్లిపోయాయి, అన్నయ్యగారు మోకాళ్ళ మీద కూర్చుని ఏరుతూ, "నీకేమైందే?" అన్నారు. చెప్పాను.

ఆస్పత్రిలో ఆ నర్సునడిగి ఇంకో చీటీ రాయించు. వాడి పేరు పైన నా పేరు ఉండాలి, కింద కాదు. పెద్దదాన్ని నేను.

రైలు దిగేటప్పుడు నేను తూలతాను. ప్లాట్‌ఫారం మీద జనం ఉంటారు. ఎవడో ఒకడు ఏదో ఒకటి అంటాడు. అప్పుడు నువ్వు నా చెయ్యి పట్టుకుని, మా వదిన తాగదు అని చెప్పు. గట్టిగా చెప్పు. మింగకు.

నీ వదిన